ఎమ్మెల్యే గారి కరపత్రాలు మన ప్రెస్సులో ఎందుకు పడలేదంటే

2023 మే 10న కర్ణాటక అసెంబ్లీ పోలింగ్ పెట్టుకుని మీ ప్రెస్సులో సందడే లేదేమిటని వచ్చినవాళ్లంతా అడిగారు. ఆయన వార్డుకు తొలిసారి నిలబడ్డ నాటి నుంచి ఎమ్మెల్యే అయ్యేదాకా కాగితం పనంతా ఇక్కడే పడింది. ఈసారి వేరే చోటికి పోయింది. తేడా వచ్చింది రేటు దగ్గర కాదు, కరపత్రం అడుగున ఉండే ఒక్క లైను దగ్గర.

ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ చెబుతోంది. ప్రచురించేవారు తామెవరో తెలిపే డిక్లరేషన్ రెండు ప్రతులు సంతకం చేసివ్వాలి, ఆయన్ను స్వయంగా ఎరిగిన ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి. ముద్రణయ్యాక ఒక ప్రతి, కరపత్రంతో కలిపి మేం పంపాలి. బెంగళూరు రాజధాని కాబట్టి అది ముఖ్య ఎన్నికల అధికారికి వెళ్తుంది, పక్కనున్న హోసకోటలో అచ్చయితే జిల్లా మేజిస్ట్రేటుకు. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఎన్ని కాపీలు వేశాం, ఎంత తీసుకున్నాం అన్నదీ రాసివ్వాలి. అసలు నొప్పి అక్కడుంది. అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క చూపాలి. ఏ5 సైజు కరపత్రాలు 80,000 అంటే 25×36 అంగుళాల కాగితం పది రీములు (రీముకు 500 షీట్లు), వేస్టేజీకి ఇంకో అర రీము. "ఇరవై వేలని రాయండి, మిగతావాటికి లైను వద్దు" అన్నారు ఎమ్మెల్యే గారి మనుషులు. అచ్చు ప్లేటులో ఉంటే ఉండనీ, కటింగులో రెండు నూళ్లు (పావు అంగుళం) లోపలికి జరిపి కోస్తే పోతుంది కదా అని సలహా కూడా!

పాత ఖాతా. కాదనడానికి మనసొప్పలేదు, రెండు రోజులు పని పక్కన పెట్టాం. చివరికి వద్దన్నాం. శికారిపుర పురసభ నుంచి మొదలైన మాజీ ముఖ్యమంత్రి యడియూరప్ప గారు 1983లో అసెంబ్లీకి వెళ్లారు. కింది మెట్టు నుంచి పైకెక్కడం గొప్పే. ఎక్కినాయన తొలి కరపత్రం మీద ఉన్న మా పేరు ఇప్పుడు అడ్డమైతే, మేం చెరుపుకోం.

ఇకపై లైను అంచుకు బాగా లోపలే పెడతాం, రెండు నూళ్లు కోసినా పోకుండా. ఏ పార్టీ అయినా డిక్లరేషన్ చేతికొచ్చాకే ప్లేటు, పూర్తి డబ్బు ముందే. 2020 సెప్టెంబరులో బెంగళూరు నగర పాలిక కౌన్సిల్ గడువు ముగిసినా ఇప్పటికీ కార్పొరేటర్‌నని చెప్పుకుంటూ అప్పు అడిగేవాళ్లకూ ఇదే మాట.

పెళ్లి శుభలేఖలు, బిల్లు బుక్కుల తేదీలు మారలేదు. మిషన్ ఖాళీగా ఉంది కాబట్టి ఇంకా ముందే ఇస్తాం.