రొమ్ము పునర్నిర్మాణం మాట ఆపరేషన్‌కు ముందే రావాలి

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు గడ్డను ఎలా గుర్తించాలన్న దగ్గరే ఆగిపోతున్నాయి. రొమ్ము తీసేయాల్సి వచ్చిన స్త్రీకి ఆ తర్వాత ఏ దారులున్నాయో చెప్పేవి తక్కువ. రొమ్మును తిరిగి నిర్మించవచ్చన్న సంగతి చాలామందికి కుట్లు మానాక, ఎవరో చెబితే తెలుస్తోంది. అప్పుడైనా చేయించుకోవచ్చు, ఏళ్ళు గడిచినా చేయించుకోవచ్చు. కానీ ముందే తెలిసి ఉంటే దక్కే మేలు కొంత అప్పటికే చేజారిపోతుంది.

పునర్నిర్మాణం ఉందని ముందే అనుకుంటే, గడ్డ చర్మానికి అంటుకోకుండా ఉంటే, సర్జన్ రొమ్ము మీది చర్మాన్ని మిగిల్చి లోపలి భాగాన్నే తీయగలుగుతారు. లేదనుకుంటే ఛాతీ చదునుగా ఉండేలా చర్మం కూడా కోసి కుట్టేస్తారు. తర్వాత ఆ చర్మాన్ని తరచూ పొట్ట నుంచో వీపు నుంచో తేవాల్సి వస్తుంది. రంగులో తేడా, అతుకు గీత కనిపిస్తూనే ఉంటాయి. అందుకే క్యాన్సర్ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, రేడియేషన్ డాక్టర్ ముగ్గురూ ఆపరేషన్‌కు ముందు ఒక్కసారైనా కలిసి చూడాలి.

రేడియేషన్ డాక్టర్ ఎందుకంటే, మన దగ్గర గడ్డ పెద్దదయ్యాక వచ్చేవాళ్ళే ఎక్కువ, వాళ్ళలో చాలామందికి రేడియేషన్ తప్పదు. ఇంప్లాంట్ (రొమ్ము ఆకారం కోసం లోపల పెట్టే సిలికాన్ సంచి) మీద రేడియేషన్ పడితే దాని చుట్టూ ఒళ్ళు కట్టుకునే పొర బిగుసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. రొమ్ము గట్టిపడి, పైకి లాక్కుపోయి, నొప్పి పెడుతుంది. రేడియేషన్ ఖాయమన్నవాళ్ళకు అది ముగిశాక ఆరు నెలల నుంచి ఏడాది ఆగి, సొంత కండతో, కొవ్వుతో చేయించుకోవడమే మేలని మా అభిప్రాయం.

ఇంప్లాంట్ పద్ధతిలో సాధారణంగా ముందు ఎక్స్‌పాండర్ అనే ఖాళీ సంచిని ఛాతీ కండరం కింద పెడతారు. గాయం మానాక వారానికో, రెండు వారాలకో ఒకసారి సన్నని సూదితో 50 నుంచి 100 మి.లీ. సెలైన్ ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీస్తారు. సూది దించాల్సిన చోటు తెలియడానికి చాలా ఎక్స్‌పాండర్లలో అయస్కాంతం ఉంటుంది. అది లోపల ఉన్నన్నాళ్ళు, నడుంనొప్పికి ఎమ్మారై రాసినా సరే, స్కాన్ సెంటర్‌లో ముందే చెప్పి తీరాలి. కొన్ని నెలల తర్వాత దాన్ని తీసి సిలికాన్ ఇంప్లాంట్ పెడతారు. అది జీవితాంతం ఉండే వస్తువు కాదు. దాని పెట్టెతో వచ్చే స్టిక్కర్ మీద కంపెనీ, సీరియల్ నంబరు, సైజు ఉంటాయి. దాన్ని అడిగి తీసుకుని ఫైల్లో అంటించుకోండి. 2019 జూలైలో అలర్గాన్ కంపెనీ గరుకు ఉపరితలం ఉన్న బయోసెల్ ఇంప్లాంట్లను లింఫోమా అనే తెల్లరక్తకణాల క్యాన్సర్‌లో అరుదైన ఒక రకం కారణంగా ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నప్పుడు, తమ ఒంట్లో ఉన్నది అదో కాదో చెప్పగలిగింది ఆ స్టిక్కరే.

సొంత కణజాలంలో మన దగ్గర ఎక్కువగా చేసేది వీపు కండరం పద్ధతి. కండరాన్ని దాని రక్తనాళంతో సహా చంక కిందుగా ముందుకు తిప్పుతారు. మైక్రోస్కోపు అక్కర్లేదు, నమ్మకమైన పద్ధతి. వీపున నీరు చేరడం దీనిలో తరచూ వచ్చే ఇబ్బంది, కొన్ని వారాలపాటు సిరంజితో తీయాల్సి రావచ్చు. బావిలో నీళ్ళు తోడటం వంటి, బలంగా లాగే పనుల్లో ఆ చేతి సత్తువ కొంత తగ్గుతుంది. కూలి పనికి వెళ్ళే స్త్రీకి ఈ మాట ముందే చెప్పాలి.

బొడ్డు కింది చర్మం, కొవ్వు తీసి ఛాతీలోని రక్తనాళాలకు మైక్రోస్కోపు కింద కలిపే డీఐఈపీ ఫ్లాప్‌లో పొట్ట కండరాన్ని మిగులుస్తారు. ఒక వైపుకే ఆరు నుంచి ఎనిమిది గంటలు పట్టవచ్చు. మొదటి రెండు మూడు రోజులు నర్సు చూపే అసలైన కాపలా. ఫ్లాప్‌ను, అంటే అలా తెచ్చి అతికిన భాగాన్ని, వేలితో నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పాలిపోయి, చల్లబడి, రంగు ఆలస్యంగా వస్తే ధమని మూసుకుందని అనుమానించాలి. నీలంగా ఉబ్బి, రంగు మరీ వెంటనే వస్తే సిర మూసుకుని ఉండవచ్చు. కొద్ది గంటల్లో మళ్ళీ తెరిచి సరిచేస్తే ఫ్లాప్ దక్కుతుంది, తెల్లారేదాకా ఆగితే దక్కదు. అర్ధరాత్రి థియేటర్ తెరిచే ఏర్పాటు ఉందా అని ఆసుపత్రిని నిర్మొహమాటంగా అడగండి.

సిజేరియన్ అయింది కాబట్టి పొట్ట పనికిరాదని కొందరు అనుకుంటున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లే, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అడ్డకోత చాలావరకు ఆటంకం కాదు. బొడ్డు కింద నిలువు కోత ఉంటే మచ్చకు అవతలి సగానికి రక్తం సరిగా అందదు, వాడుకోగలిగే భాగం తగ్గుతుంది. సీటీ యాంజియోగ్రామ్‌లో నాళాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

పొగాకు మాత్రం నిజమైన ఆటంకం. నికోటిన్ సన్నని నాళాలను ముడుచుకునేలా చేసి, చర్మం అంచులు నల్లబడి ఊడిపోయేలా చేస్తుంది. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలను డాక్టర్లు ఈ సంగతి అడగడం మరచిపోకూడదు. కనీసం నాలుగు వారాల ముందు మానాలి. నమిలే పొగాకుకూ ఇదే వర్తిస్తుంది.

ఇంటికి వచ్చాక డ్రెయిన్‌లో (గాయం లోపలి ద్రవాన్ని బయటికి తెచ్చే గొట్టం) 24 గంటలకు ఎన్ని మి.లీ. వచ్చిందో రోజూ ఒకే సమయానికి రాసుకోవాలి. సాధారణంగా వరుసగా రెండు రోజులు 30 మి.లీ. లోపు వస్తే తీస్తారు. పొట్ట నుంచి తీసినవాళ్ళు ఆరు వారాలు నిండు బిందె ఎత్తకూడదు. ఇంకొకటి, కొత్త రొమ్ముకు స్పర్శ సరిగా ఉండదు. నొప్పిగా ఉందని వేడినీళ్ళ సంచితో కాపడం పెడితే చర్మం కాలేదాకా తెలియదు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ మాట తప్పక చెప్పాలి.

పునర్నిర్మాణం వల్ల క్యాన్సర్ తిరగబెట్టదు. తిరగబెడితే కనిపెట్టడానికి అడ్డూ కాదు.

డబ్బు విషయం. ‘ఇది కాస్మెటిక్’ అని క్లెయిమ్ తిరస్కరిస్తే అంతటితో వదిలేయకండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆరోగ్య పాలసీలన్నిటికీ ఒకేలా ఖరారు చేసిన మినహాయింపుల్లో ‘ఎక్స్‌క్లూజన్ 08’ సౌందర్య, ప్లాస్టిక్ సర్జరీ ఖర్చు రాదంటూనే, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికి అది వర్తించదని స్పష్టంగా చెబుతోంది. ఆ క్లాజు నంబరు వేసి, చికిత్స చేసిన డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి మళ్ళీ పంపండి. అమెరికాలో 1998 నాటి చట్టం ప్రకారం, రొమ్ము తొలగింపుకు డబ్బు ఇచ్చే ప్లాన్లు పునర్నిర్మాణానికీ, రెండో రొమ్మును దానికి సరిచేయడానికీ ఇవ్వాలి. ప్రభుత్వ పథకాల కింద చేరినవాళ్ళు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని పథకం డెస్క్ దగ్గర ఆపరేషన్‌కు ముందే రాయించుకోవాలి.

ఆపరేషన్ వద్దనుకున్నవాళ్ళకు బ్రా లోపల పెట్టుకునే సిలికాన్ ప్రొస్థసిస్ (కృత్రిమ రొమ్ము) ఉంది. గాయం పూర్తిగా మానేదాకా తేలికైన నూలుది వాడాలి.

‘ఈ వయసులో ఇంకెందుకమ్మా’ అన్న మాట నలభై అయిదేళ్ళ స్త్రీలకు కూడా ఎదురవుతోంది. ఆ నిర్ణయం ఆమెది. ఆసుపత్రులన్నిటికీ మా విన్నపం ఒక్కటే. రొమ్ము తొలగింపు సమ్మతి పత్రంలో ఒక వరుస చేర్చండి: పునర్నిర్మాణం గురించి వివరించాం, ఆమె కోరుకున్నది ఇప్పుడే, తర్వాత, వద్దు. మూడింటిలో దేనికి టిక్కు పెట్టినా సరే, కానీ ఆమే పెట్టాలి.

– రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సల్లో పనిచేసే కొందరు వైద్యులు, నర్సులు, హైదరాబాద్