పదిహేనేళ్ల అనుభవం నిండితేనే పాఠం చెప్పాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంజినీరింగ్ చదివినవారికి పని రాదని కంపెనీలు, మంచి బోధకులు దొరకరని కళాశాలలు వాపోవడం మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. నేను రెండు వైపులా పనిచేసినదాన్ని. ఎం.టెక్. అయ్యాక గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు కళాశాలలో ప్రోగ్రామింగ్ చెప్పాను. జీతం చాలక హైదరాబాద్ వచ్చి సాఫ్ట్‌వేర్‌లో చేరాను. ఇప్పుడు కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, శనివారాలు నగర శివారులోని ఒక కళాశాలలో మొదటి సంవత్సరం 'సి' ప్రోగ్రామింగ్ ల్యాబుకు వెళుతున్నాను.

అక్కడ నేను చేసేది చెబితే నవ్వుతారేమో. తెర మీద వచ్చిన ఎర్రర్‌ను పిల్లల చేత చదివిస్తాను, అంతే. వాక్యం చివర పెట్టాల్సిన ఒక సెమికోలన్ (;) వదిలేస్తే, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ చాలాసార్లు కింది వరుసను తప్పుపడుతుంది. పిల్లలు ఆ వరుసనే చూసి చూసి, "మేడమ్, ఇది సరిగ్గానే ఉంది కదా!" అంటారు. తెర నిండా ఎర్రర్లు కనబడితే హడలిపోయి, ప్రోగ్రామంతా చెరిపేసి పక్కవారిది దించుకుంటారు. మొదటిది సరిచేస్తే మిగతావి చాలావరకు వాటంతటవే పోతాయని వారికి ఎవరూ చెప్పలేదు. రికార్డు పుస్తకంలో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో ప్రోగ్రాము, దాని కింద ఏనాడూ రాని అవుట్‌పుట్ ఉంటాయి. రికార్డు నిండితే మార్కులు పడతాయి. గెస్ట్ ఫ్యాకల్టీని కాబట్టి మార్కుల విషయంలో నా మాట చెల్లదు.

ఈ బోధన ఆఫీసులోనూ అక్కరకొచ్చింది. కొత్తవారి కోడ్‌లో తప్పుంటే ఇదివరకు నేనే దిద్దేసేదాన్ని. ఇప్పుడు ఎక్కడ తప్పిందో వారి చేతే చెప్పిస్తున్నాను. ఆలస్యమవుతోందని మేనేజరు విసుక్కుంటారు గానీ, అదే తప్పు మళ్లీ రావడం తగ్గింది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' విధానం తెచ్చింది. డిగ్రీల పట్టింపు లేకుండా, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకుండా ఇతర రంగాల నిపుణులను తీసుకోవచ్చు. సంతోషమే. కానీ కనీసం 15 ఏళ్ల అనుభవం ఉండాలట, అదీ పెద్ద హోదాలో అయితే మేలట! నేను చూసినంతలో ఆ హోదాకు చేరినవారు కోడ్ రాయడం ఎప్పుడో మానేసి సమావేశాలతో సతమతమవుతుంటారు. రోజూ కోడ్ రాసే నాలాంటివారు అడిగితే, "వస్తే పూర్తిగా రండి, బయోమెట్రిక్ వేయాలి" అంటున్నాయి యాజమాన్యాలు.

శాశ్వత బోధకుల పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. సిద్ధాంతం వారే చెప్పాలి, వారంత ఓపిక నాకు లేదు కూడా. ల్యాబుల వరకు అయిదేళ్ల అనుభవం చాలనండి. వారానికి ఒక రోజు చొప్పున సెమిస్టర్ మొత్తానికి నియామక పత్రం, ఇంటర్నల్ మార్కుల్లో కొంత వాటా ఇవ్వండి. అలాగే, కోరిన అధ్యాపకులకు వేసవిలో కంపెనీల్లో పనిచేసే వీలు కల్పించండి. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాలు మొదలయ్యేలోపే ఈ విషయం పరిశీలించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని,
కూకట్‌పల్లి, హైదరాబాద్