తిమింగలం పాట మారుతుందని పిల్లలకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కొత్తపట్నం, జువ్వలదిన్నె బడుల్లో తిమింగలాల పాట వినిపించే టీచర్లకు మనవి: అది ఏటా మారుతుందన్న సంగతి వదిలేయొద్దు. హంప్‌బ్యాక్ అనే జాతి తిమింగలాల్లో పాడేది మగవే. మూలుగులూ కీచులూ కలిస్తే ఒక పదం, దాన్నే తిప్పితిప్పి పాడితే చరణం, చరణాలు వరసగా వస్తే పాట. ఒక గుంపులో మగవన్నీ దాదాపు ఒకే పాట పాడతాయి.

ఒక్కోసారి పాత పాట మొత్తంగా పోతుంది. 1996లో ఆస్ట్రేలియా తూర్పు తీరంలో రెండు తిమింగలాలు పడమటి తీరపు పాట పాడుతూ వినిపించాయి. 1998కల్లా అక్కడ అన్నిటిదీ అదే పాట! తర్వాత అలాంటి పాటలే పసిఫిక్ దీవులైన ఫ్రెంచ్ పాలినీషియా దాకా పాకాయి. వలస వెళ్లే దారుల్లో, మేతచోట్ల ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకుంటాయని అంచనా. వలసపోని అరేబియా సముద్రపు గుంపు పాట మాత్రం వేరు.

పాట రికార్డు చేయడానికి హైడ్రోఫోన్ (నీటి లోపలి శబ్దాలు పట్టే మైకు) దించేముందు పడవ ఇంజను ఆపాలి. లేకుంటే పాటలోని మంద్రస్వరాలు మోతలో కలిసిపోతాయి. ఒక్క సీజను రికార్డింగుతో మార్పు తెలియదు.

– జీవశాస్త్ర అధ్యాపకులు, కావలి