రాతి, ఎముక పనిముట్లను విడదీయండి: మ్యూజియం క్యూరేటర్‌కు బహిరంగ లేఖ

క్యూరేటర్ గారికి నమస్కారం.

రాతి గొడ్డళ్లు, ఎముక సూదులు ఒకే సొరుగులో ఉన్నాయి. సొరుగు లాగిన ప్రతిసారీ రాయి తగిలి ఎముక మొనలు విరుగుతాయి, రాతి అంచులూ పెచ్చులూడతాయి. ఆ కొత్త పెచ్చునే రేపు పరిశోధకులు వాడకపు గుర్తు అనుకోవచ్చు. ఒక్కోదానికి పాలిథిలిన్ ఫోమ్‌లో విడిగా గుంట కోయించండి.

ఎముకను కడగనివ్వకండి. తడికి ఉబ్బి, ఆరేటప్పుడు చీలుతుంది. మెత్తని పొడి కుంచె చాలు. గదిలో తేమ 45–55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం కన్నా అసలు వేయకపోవడమే నయం.

రాతి అంచులనూ తోమించొద్దు, మెరుపు కోసమైతే మరీను. అప్పట్లో వాటితో కోసిన మొక్కల పిండిరేణువులు అక్కడే అంటుకుని ఉండొచ్చు.

వస్తువులపై గుర్తింపు నంబర్లు నేరుగా రాయించకండి. ముందు పారలాయిడ్ బి-72 అనే పారదర్శక యాక్రిలిక్ పూతను పలుచగా పూసి, ఆరాక దానిపై రాయాలి. అవసరమైతే అసిటోన్‌తో తుడిచేయొచ్చు.