నల్లగొండ రైతు బజారులో ఆకుకూరలమ్మే అవ్వకు కృతజ్ఞతలు

నిన్న మధ్యాహ్నం నా కెమిస్ట్రీ ప్రాక్టికల్స్, వైవా (ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడిగే పరీక్ష) అయిపోయాయి. రాత్రి అన్నం కూడా తినకుండా పడుకున్నాను. పొద్దున లేచేసరికి ఒళ్లంతా నొప్పులు, గొంతు బొంగురుపోయింది. అయినా ఇది ఇవాళే రాయాలి. రేపటికంటే మళ్లీ ధైర్యం చాలదేమోనని భయం. నా గురించి నలుగురూ చదివేలా నేను రాస్తున్న మొదటి పోస్టు ఇదే.

నాకు సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ ఉంది, అంటే నలుగురిలో మాట్లాడాలన్నా, నలుగురు నన్ను చూస్తున్నారన్నా విపరీతమైన భయం. డాక్టరు గారు చెప్పేదాకా దానికి ఒక పేరుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మాది దేవరకొండ వైపు ఒక పల్లె. "పిల్ల ఎంత నెమ్మదస్తురాలో, నోట్లో నాలుక లేదు" అని చుట్టాలందరూ మెచ్చుకునేవాళ్లు. మగపిల్లవాడు నలుగురిలో నోరు విప్పకపోతే వీడికేమైందని అడుగుతారు. ఆడపిల్ల విప్పకపోతే పెంపకం మంచిదంటారు. అందుకే హైస్కూల్లో మొదలైన భయం డిగ్రీ దాకా ఎవరి కంటా పడలేదు. చాలామందికి ఇది ఆ వయసులోనే మొదలవుతుందని తర్వాత తెలిసింది.

ఇది సిగ్గు కాదా అని అడిగేవాళ్లకు ఒక్క సంగతి చెప్తాను. బస్సులో మా ఊరి స్టేజీ దగ్గర పడుతుంటే "ఆపండి" అనాలి. ఆ ఒక్క మాట అనలేక, ఇంకెవరైనా దిగుతారేమోనని చూసి, ఎవరూ దిగకపోతే తర్వాతి ఊళ్లో దిగి ఎండలో వెనక్కి నడిచి వచ్చేదాన్ని. క్లాసులో అటెండెన్స్ తీసుకుంటుంటే నా నంబరు వచ్చేలోపు గుండె చెవుల్లో కొట్టుకునేది. "ప్రెజెంట్ మేడమ్" అని లోపల ఎన్నిసార్లు అనుకున్నా, వంతు వచ్చేసరికి గొంతు పెగలదు. ఆబ్సెంట్ పడేది. హాజరు తక్కువైందని ఫైన్ కట్టింది కూడా దానికే. సిగ్గున్నవాళ్లు కాసేపటికి కుదురుకుంటారు. నాకు మాట్లాడే ముందు వారం రోజుల టెన్షన్, మాట్లాడాక ఇంకో వారం అదే మాటను తలచుకుంటూ నిద్ర లేకపోవడం. పోయినేడు వైవా గది గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఆ రోజు హాస్టల్ గదిలో ఏం జరిగిందో ఇక్కడ రాయను. మా రూమ్మేట్ ఉండబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

అమ్మ, నాన్న, అన్న గురించి ఎంత రాసినా తక్కువే. పత్తి పైసలు అప్పులకు పోకముందే నాన్న నా ఫీజుకు తీసి పక్కన పెట్టాడు. అమ్మ ఒక్కసారి కూడా "ఎవరికైనా తెలిస్తే పెండ్లి ఎట్ల" అనలేదు. అన్న ప్రతిసారీ పని మానుకుని బండి మీద దవాఖానకు తీసుకెళ్లాడు. వాళ్లకు ఇంట్లోనే చెప్పుకుంటాను.

మొదట ఫోన్ చేసింది 14416కి. టెలీ మానస్ అని 2022లో మొదలైన ఉచిత నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. ఫోన్ అంటేనే వణికే మనిషికి అది చాలా పెద్ద పని. అవతల "హలో" అనగానే కట్ చేసేదాన్ని. ఒకసారి కట్ చేయకుండా ఊరికే పట్టుకుని ఉన్నాను. అవతలి మేడమ్ తొందరపెట్టలేదు. "మీకు ఎప్పుడు మాట్లాడాలనిపిస్తే అప్పుడే మాట్లాడండి, నేను లైన్లోనే ఉన్నా" అన్నారు. నేను చెప్పింది నాలుగు ముక్కలే. డాక్టరుకు చూపించుకోమని, ఇది తగ్గేదేనని ఆమె చెప్పాకే అన్నకు చెప్పగలిగాను.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోకపోతే ఈ రాత పూర్తి కాదు. మేము వెళ్లిన సర్కారు దవాఖానలో ఓపీ చీటీ దగ్గర వెనక అంతమంది ఉండగా "ఏం ప్రాబ్లమ్? గట్టిగా చెప్పమ్మా, వినపడ్తలేదు" అని అరిచారు. అన్న ముందుకొచ్చి చెప్పాడు. "ఆఁ, మెంటల్‌దా" అని అంతకంటే గట్టిగా అన్నారు. లైనంతా నావైపు తిరిగింది. నలుగురు చూస్తే ప్రాణం పోయే జబ్బుకు వైద్యం ఆ నలుగురి ముందు నుంచే మొదలవుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోనే వచ్చింది. చికిత్స పొందడం మన హక్కని, మన వివరాలు గోప్యంగా ఉంచాలని అందులో రాసి ఉంది. ఆ కౌంటర్లో కూర్చున్నవాళ్లకు ఎవరైనా ఆ సంగతి చెప్పారా?

లోపల డాక్టరు గారు మంచివారు. కానీ ఆయన గది బయట జనం గుమ్మం దాకా నిండి ఉన్నారు, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు. మందు రాశారు. యాంగ్జైటీకి, డిప్రెషన్‌కు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందు అది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో కొంచెం వికారంగా ఉంటుందని, బాగైందనిపించినా మాకు చెప్పకుండా ఆపొద్దని ఆ రెండు నిమిషాల్లోనే చెప్పారు. మాటల చికిత్స కూడా కావాలన్నారు. అది చేసే క్లినికల్ సైకాలజిస్టు అక్కడ లేరు. ఇలాంటి వైద్యం జిల్లాల్లోనే అందాలని పెట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఈ దేశంలో 1996లో మొదలైందట, నేను పుట్టకముందే. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో యాంగ్జైటీ, డిప్రెషన్ లాంటి సమస్యలున్నవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా చికిత్సే అందడం లేదని తేలింది. ఆ లైన్లో నిలబడ్డాక నాకు ఆ అంకె ఆశ్చర్యంగా లేదు. చివరికి ప్రైవేటుగా, వీడియో కాల్‌లో, హైదరాబాద్‌లో ఉండే సైకాలజిస్టు మేడమ్ దొరికారు. ఒక్కో సెషన్‌కు వెయ్యి రూపాయలు. పత్తి ఏరే కూలీకి అది ఎన్ని రోజుల పనో లెక్క వేసుకోండి.

ఆ మేడమ్ చెప్పాకే నా భయం ఎలా నడుస్తుందో నాకు అర్థమైంది. స్కార్ఫ్ ముఖానికి చుట్టుకోవడం, ఫోన్‌లోకి తల వంచుకోవడం, అనబోయే మాటను లోపల పదిసార్లు వల్లె వేసుకోవడం, ఎవరి కళ్లలోకీ చూడకపోవడం, ఇవన్నీ నేను ధైర్యం కోసం చేసేవి. వాటితో ఆ పూట గండం గడుస్తుంది. కానీ స్కార్ఫ్ లేకున్నా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం ఎప్పటికీ రాదు. అందుకే ఆమె మెట్లు మెట్లుగా హోంవర్క్ ఇచ్చారు. తెలియని మనిషిని టైమ్ అడగడం, ఐదొందల నోటుకు చిల్లర అడగడం, ధర అడిగి కొనకుండా వచ్చేయడం, వెనక జనం ఆగి ఉండగా అదే ప్రశ్న రెండోసారి అడగడం. వెళ్లేముందు ఏం జరుగుతుందని భయపడుతున్నానో నోట్‌బుక్‌లో రాయాలి. వచ్చాక నిజంగా ఏం జరిగిందో దాని పక్కనే రాయాలి.

ధర అడిగి కొనకుండా రావాల్సిన రోజు రైతు బజారుకు వెళ్లాను. నోట్‌బుక్‌లో "తిడుతుంది, అందరూ నవ్వుతారు" అని రాసుకున్నాను. స్కార్ఫ్ బ్యాగులో పెట్టేశాను. పొద్దున వేళ, బాగా రద్దీ. పుంటికూర, గంగవాయిలి, తోటకూర కుప్పలు పోసుకుని ఒక అవ్వ కూర్చుంది. తడి గోనెపట్టా, అరటినార చుట్ట, మోకాలి కింద మడిచి పెట్టుకున్న పదుల నోట్లు. నేను వంగి నోరు తెరిచాను, మాట రాలేదు. మళ్లీ తెరిచాను, రాలేదు. వెనక ఎవరో సారు "జల్దీ కానీయమ్మా, తీసుకునేదుంటే తీసుకో" అన్నారు. నా చేతులు వణకడం నాకే కనిపిస్తోంది.

అవ్వ నావైపు కాదు, ఆయనవైపు చూసింది. "జర ఆగు సారూ. పిల్ల అడుగుతున్నది గదా."

నేనింకా ఏమీ అడగనే లేదు. అయినా అడుగుతున్నది అంది.

తర్వాత చేతిలో కట్ట కింద పెట్టి, "నిమ్మళంగ అడుగు బిడ్డా. నేను యాడికి పోత?" అంది. అని ఊరుకుంది. నా ముఖంలోకి పట్టి పట్టి చూడలేదు. నారతో కట్టలు కట్టుకుంటూ కూర్చుంది. ఎంతసేపో నాకు తెలియదు. "పుంటికూర ఎట్లా?" అన్నాను. "పదికి మూడు కట్టలు" అంది. హోంవర్క్ ప్రకారం "వద్దు" అని రావాలి. ఆ మాట అనబోతే ఏడుపు వచ్చింది. ఆపుకోలేకపోయాను. బజారు నడిమధ్య, అంతమందిలో, నా జీవితంలో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడిన పని అదే, అదే జరిగింది.

ఎందుకేడుస్తున్నావని ఆమె అడగలేదు. ఇన్నాళ్లలో ఎన్నడూ అడగలేదు. పక్కన ఇంకో గోనెసంచి పరిచి చేయి పట్టి లోపలివైపు కూర్చోబెట్టింది. ఒళ్లో ఇంత గంగవాయిలి పోసి, నార చేతికిచ్చి, "వేర్లన్నీ ఒకదిక్కు పెట్టి కట్టు" అంది. ఏడుస్తూనే కట్టాను. నేను కట్టినవి వదులుగా ఉంటే విప్పి మళ్లీ కట్టి చూపింది. లేచేటప్పుడు "రేపు గూడ రా. కొనకున్నా ఏం గాదు" అంది.

ఆ రోజు నోట్‌బుక్‌లో రెండో గడిలో ఏం రాయాలో తెలియలేదు. సైకాలజిస్టు మేడమ్‌కు చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మిగతా మెట్లన్నీ అక్కడే ఎక్కుదాం" అన్నారు.

అట్లా అవ్వ దగ్గరే అన్నీ నేర్చుకున్నాను. చిల్లర అడగడం, తూకానికి కాకుండా కట్టకు ఎందుకని వాదించడం, కొన్న కట్ట వాడిపోయిందని తిరిగి ఇవ్వడం. ఆమెకు ఇవన్నీ హోంవర్క్ అని తెలియదు, నేను చెప్పలేదు. తెలిసే ఊరుకుందేమో కూడా. ఒకరోజు "జర అరువు" అంది. ధర కేకేయమని. నా గొంతు పక్క కుప్ప దాకా కూడా పోలేదు. "నాకే వినబడ్తలేదు, కొనేటోల్లకేం వినబడ్తది" అని తానొకసారి కేకేసి, నన్నొకసారి కేకేయమనేది. "గట్టిగా చెప్పు" అనే మాట దవాఖాన కౌంటర్లో కూడా విన్నాను. అక్కడ నేను చచ్చిపోయాను. ఇక్కడ అదే మాటకు గొంతు లేచింది.

నిన్న వైవాలో ఎక్స్‌టర్నల్ సారు, అంటే బయటి నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన సారు, టైట్రేషన్‌లో ఇండికేటర్ ఎందుకు వేశావని అడిగారు. నాకు వచ్చిన జవాబే. కానీ మెదడు ఖాళీ అయింది. బ్యూరెట్ పట్టుకున్న చేయి వణుకుతోంది. "సార్, ఒక్క నిమిషం, నిమ్మళంగ చెప్తా" అన్నాను. ఆయన సరేనన్నారు. చెప్పాను. ఎండ్ పాయింట్ దగ్గర రంగు మారుతుందని, ఎందుకు మారుతుందో కూడా చెప్పాను. చేయి వణుకుతూనే ఉంది. చికిత్స అంటే వణుకు పోవడం అనుకునేదాన్ని. వణుకుతూ కూడా చెప్పగలగడమే దాని మొదటి ఫలితమని మేడమ్ ఎప్పుడో చెప్పారు, నిన్న నమ్మాను.

సాయంత్రం నేరుగా బజారుకే వెళ్లాను. అయిపోయింది అవ్వా అన్నాను. "మంచిగైంది. గీడ కూసో, గిరాకీ చూస్కో, నేను చాయ్ తాగొస్త" అని పైసల కవరు నా ఒళ్లో పెట్టి లేచిపోయింది. నేను ఒక్కదాన్నే. ముగ్గురో నలుగురో వచ్చారు. పుంటికూర అమ్మాను. ఒకామె బేరమాడితే రాదు అన్నాను.

అవ్వకు ఫోన్‌లో ఇవేం చదవరాదు. దయచేసి ఎవరూ అక్కడికి వెళ్లి ఆమెకు ఫొటోలు తీయొద్దు. కూరలు కొనండి చాలు.

ఇలాంటి భయంతోనే ఇంట్లో కూర్చున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, 14416కి చేయండి. మొదటిసారి కట్ చేసినా పర్వాలేదు, మళ్లీ చేయండి. తల్లిదండ్రులు చదువుతుంటే, మీ బిడ్డ మాట్లాడడం లేదని మురిసిపోకుండా ఒకసారి అడగండి.

హడావుడిలో కొందరి గురించి రాయనే లేదు. మెడికల్ షాపులో ప్రతిసారీ చీటీ చూసి ఏమీ అడక్కుండా మందు కాగితంలో చుట్టి ఇచ్చే అన్నకు. మా ఊరి స్టేజీ రాగానే నన్ను చూసి తానే విజిల్ వేసిన కండక్టర్ అక్కకు. రాత్రంతా నా చేయి పట్టుకుని కూర్చున్న రూమ్మేట్‌కు, నీ గురించి పైన ఒక్క వాక్యమే రాశాను, కోపం తెచ్చుకోకు. నిన్న నన్ను గుమ్మం దగ్గర చూసి "లోపల ఫ్యాన్ కింద నిలబడమ్మా" అని ముందే తీసుకెళ్లి నిలబెట్టిన ల్యాబ్ అటెండర్ సారుకు. హాజరు తక్కువున్నా డాక్టరు కాగితం చదివి సంతకం పెట్టిన లెక్చరర్ మేడమ్‌కు. మా ఊరి ఆశా అక్కకు, అమ్మకు ధైర్యం చెప్పింది ఆమే. ఇంకా, నాకు ఏప్రాన్ ఇచ్చిన జూనియర్‌కు. జేబు మీద ఇండికేటర్ మరక పడింది చెల్లే, ఉతికి సోమవారం ఇస్తాను.