మూడు గంటల సినిమాకి ఇంత కత్తెరా?

పాత ఇంగ్లీష్ సినిమాల్ని టీవీ వాళ్ళు ఇష్టమొచ్చినట్టు కోసి వేయడం ఆపాలి. మొన్న ఆదివారం ఓ ఛానల్లో 1966 నాటి 'ది శాండ్ పెబల్స్' వచ్చింది, మూడు గంటల సినిమాని యాడ్స్‌తో కలిపి రెండున్నర గంటల్లో లాగించేశారు. ఓడ ఇంజన్ రూంలో హీరో స్టీవ్ మెక్వీన్ పో-హాన్ అనే చైనా కూలీకి ఆవిరి ఇంజన్ పని నేర్పే సీను మధ్యలోనే కట్, ఆ స్నేహం చూపించకుండా తర్వాత ఒడ్డున పో-హాన్‌ని చిత్రహింస పెడుతుంటే మెక్వీనే తుపాకీ పేల్చి ఆ బాధ ముగించే సీను వేస్తే ఏం అర్థమవుద్ది, మావాడైతే "ఇతనే విలనా నాన్నా" అన్నాడు. పైగా కథ 1926 చైనాది, కొమింటాంగ్ (అక్కడి జాతీయవాద పార్టీ) సేన ఉత్తరానికి కదులుతున్న టైమ్, యాంగ్జీ నదిలో అమెరికా గన్‌బోటు ఎందుకుందో, జనం ఆ నావికుల మీద ఎందుకు మండిపడుతున్నారో తెలీకపోతే ఉత్త కాల్పుల సినిమాలా ఉంటది (వియత్నాం యుద్ధం నడుస్తుండగా వచ్చిన సినిమా మరి, ఊరికే తీయలేదు). టైమ్ చాలకపోతే రెండు ఆదివారాలు రెండు భాగాలుగా వేయండి, కింద తెలుగు సబ్‌టైటిల్స్ ఇవ్వండి, మొదట్లో ఆ కాలం గురించి రెండు నిమిషాలు తెలుగులో చెప్పించండి.