తల్లిపాలకు అడ్డు తల్లి కాదు

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు జరిగే తల్లిపాల వారోత్సవాల్లో మా దేవరకొండ ప్రాంతపు అంగన్‌వాడీ కేంద్రాల్లోనూ గర్భిణులను, బాలింతలను కూర్చోబెట్టి, బిడ్డ పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలని, ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా తాగించకుండా తల్లిపాలే ఇవ్వాలని చెబుతారు. చెప్పే మాటలో తప్పు లేదు. కాని ఆ మాట వినవలసిన వాళ్లలో చాలామంది ఆ సమావేశానికి రారని, ఆరోగ్య శాఖలో గ్రామాల్లో పనిచేసి విరమించిన ఉద్యోగినిగా చెప్పగలను.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37.1 శాతమే. అదే సర్వేలో ఆరు నెలల లోపు పిల్లల్లో 68.2 శాతం మంది కేవలం తల్లిపాల మీదే ఉన్నారు. తల్లులకు ఇష్టం లేకనో, తెలియకనో అనుకుంటే ఈ రెండో అంకె అంత ఎక్కువగా ఉండేది కాదు. మొదటి గంట మన చేతుల్లోంచి జారిపోతున్నది ఆసుపత్రిలోనే. రాష్ట్రంలో ప్రసవాల్లో 60.7 శాతం ఆపరేషన్లేనని ఆ సర్వే చెబుతోంది. నడుముకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది కాబట్టి, పక్కన ఒక నర్సు నిలబడి సాయం చేస్తే బిడ్డను వెంటనే రొమ్ముకు అందించవచ్చు. చాలాచోట్ల జరిగేది వేరు: బిడ్డను బట్టలో చుట్టి బయట ఉన్న బంధువుల చేతికిస్తారు, ఏడుపు మొదలవగానే ఎవరో ఒకరు మందుల దుకాణానికి పరుగెత్తి పాలడబ్బా తెస్తారు.

ఇంటికి వచ్చాక పెద్దల మాట నడుస్తుంది. పాలు ధారాళంగా రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అప్పటిదాకా వచ్చే కొద్దిపాటి ముర్రుపాలే ఆ చిన్న కడుపుకు సరిపోతాయి. ఆ సంగతి తెలియక ‘పాలు పడలేదు’ అని తేల్చేసి చక్కెర నీళ్లో, తేనెనో, కొన్ని ఊళ్లలో గాడిద పాలో నాకిస్తారు. బిడ్డ చీకితేనే పాలు ఊరుతాయి. పైపాలతో కడుపు నిండిన బిడ్డ చీకదు, చీకకపోతే పాలు తగ్గుతాయి, అప్పుడు పెద్దల మాటే నిజమైనట్టు కనిపిస్తుంది. దీనికి తోడు పథ్యం పేరుతో బాలింతకు కూర, పప్పు, చివరికి నీళ్లు కూడా తగ్గిస్తారు. ఇదంతా ప్రేమతో చేసేదే, అందుకే కోడలు ఎదురు చెప్పలేకపోతుంది.

మా నల్లగొండ జిల్లాకు సంబంధించి ఎవరూ అంతగా మాట్లాడని విషయం ఇంకొకటి ఉంది. తల్లి తాగే నీటిలో, పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నా ఆమె పాలలోకి చేరేది అత్యల్పం. డబ్బా పాలు కలిపితే మాత్రం ఆ నీటిలో ఉన్నదంతా బిడ్డ కడుపులోకే పోతుంది. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో గాఢత పెరుగుతుంది కూడా. మా జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు మిషన్ భగీరథ కుళాయి నీళ్లు రాని రోజున బోరునీళ్లతో పాలు కలిపే ఇంట్లో ఈ మాట ఎవరు చెప్పారు?

తల్లికి నిజంగా పాలు రాని సందర్భాలు, ఇవ్వకూడని జబ్బులు కొన్ని ఉంటాయి, వాటిని డాక్టరు తేల్చాలి. వాటికంటే ఎక్కువ మందిని పాలకు దూరం చేసేది కూలి. 2017 సవరణతో వచ్చిన 26 వారాల ప్రసూతి సెలవు కార్ఖానాల్లో, కార్యాలయాల్లో పనిచేసే వారికే గాని పత్తి చేలో కిలోల లెక్కన ఏరే ఆడమనిషికి కాదు. ఆమె మూడో నెలలోనే బిడ్డను ముసలమ్మకు అప్పగించి చేనుకు పోతుంది. పాలమూరు నుంచి వలస పోయి మట్టిపని, ఇళ్ల కట్టుబడి పని చేసే కుటుంబాలకు అప్పగించడానికి ముసలమ్మ కూడా పక్కన ఉండదు. ఊళ్లో జరిగే ఉపాధి హామీ పనుల దగ్గర ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు గాని అంతకు మించి గాని ఉంటే చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. ఆ మహిళ నాకు పని స్థలాల్లో అరుదుగానే కనిపించింది.

పాలపొడికి, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని, ఉచిత నమూనాలు పంచడాన్ని 1992 చట్టం నిషేధించింది. దాని అమలును తనిఖీ చేసే వారిని జిల్లాలో ఒకసారి ప్రసూతి ఆసుపత్రుల చుట్టూ తిప్పితే మేలు. ప్రతి ఆపరేషన్ గదిలో తల్లికి బిడ్డను అందించే పని ఒకరికి ఖచ్చితంగా అప్పగించాలి. ఆగస్టు సమావేశాలకు అత్తలను, భర్తలను పిలవాలి, అది కూడా వాళ్లు కూలికి పోని సాయంత్రం పూట. పత్తి ఏరే నాలుగు నెలలైనా అంగన్‌వాడీల్లో చంటిపిల్లలను పగటిపూట ఉంచుకునే ఏర్పాటు చేసి, పిండిన పాలను నాలుగు గంటల లోపు ఉగ్గుగిన్నెతో పట్టడం అక్కడి ఆయాలకు నేర్పించాలని నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల అధికారులను కోరుతున్నాను.

— విశ్రాంత ఆరోగ్య ఉద్యోగిని, దేవరకొండ, నల్లగొండ జిల్లా